నాలుగు పళ్ళ లెక్క

ఇలా దగ్గరికి జరగండి. గోడ నీడ ఇప్పుడే మనిషి కూర్చునేంత అయింది, ఎండలో ఉంటే నేను చెప్పేది మీ చెవికెక్కదు. మీరెవరో నాకు తెలియదు, నా పక్కన నిజంగా ఉన్నారో లేరో కూడా తెలియదు. ఎవరికోసమైనా ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు నా మనసులోకి ఎవరో ఒకరు వచ్చి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు, ఊఁ కొడతారు, వాళ్ళకే చెప్పుకుంటాను. ఈరోజు మీరు వచ్చారు. ఇది గురజాలలో పరీక్ష పెట్టిన కాలేజీ, అది గేటు, ఎదురుగా ఉన్నది సైకిలు పంక్చర్ల కొట్టు. నా మనవరాలు అపర్ణ లోపల ఇంటరు ఫిజిక్సు రాస్తోంది. మార్చిలో రెండంటే రెండు మార్కులు తక్కువై పోయిన పరీక్ష, మే నెల ఎండలో మళ్ళీ రాస్తోంది. ఐదున్నరకి గంట కొడతారట, ఇప్పుడు నాలుగున్నర. ఈ గంటలో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. చెయ్యకూడనిది మాత్రం నాలుగు నెలల కిందటే చేసి కూర్చున్నాను.

ఏం చేశానంటే ఒక మాట మార్చాను. పుస్తకంలో అచ్చయిన మాట తీసేసి, నాకు నచ్చిన మాట పెట్టాను. అక్షరం ముక్క సరిగా రానిదాన్ని, రెండో తరగతిలో పలక పగిలితే మళ్ళీ కొనలేదు, నా చదువు ఆ పలకతోనే ఆగింది, అలాంటి నేను ఫిజిక్సు పుస్తకం దిద్దాను. మధ్యాహ్నం గేటు తీసినప్పుడు పిల్ల నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని పెదాలు కదుపుకుంటూ నా పక్కనుంచే నడిచింది. అప్పుడు వినిపించింది. "నిండాయువు అంటే, రేడియోధార్మిక పదార్థంలో ఉన్న పరమాణువుల్లో సగం క్షయం చెందడానికి పట్టే కాలం." సగం అంటూనే నిండు అంటోంది! నా గుండెల్లో రాయి పడింది. ఒసేయ్ ఆగు అని పిలిచేలోపు వంద జడల్లో దాని జడ కలిసిపోయింది. అప్పటినుంచి నాలుక ఊరుకోవడం లేదు, కింద ఎడమవైపు కదులుతున్న పన్నుని అటు తోస్తుంది, ఇటు తోస్తుంది, ఉయ్యాల ఊపినట్టు. అది ఇవాళో రేపో ఊడుతుంది. నాకున్నవి నాలుగు, పైన రెండు కింద రెండు, వాటి సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అసలు మాట అర్ధాయువు. చూశారా, ఇప్పుడు కూడా మనసులోనే అంటున్నాను, పైకి అనడానికి నోరు రావడం లేదు. కారంపూడి దగ్గర మా ఊళ్ళో, మాఘమాసం, కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, పగలంతా తాలు కాయలు ఏరి నడుం పట్టేసింది, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు దీపం వెలిగిస్తున్నాను. అపర్ణ వసారాలో అటూ ఇటూ తిరుగుతూ కంఠతా పడుతోంది. అర్ధాయువు, అర్ధాయువు, అర్ధాయువు, మూడుసార్లు. అగ్గిపుల్ల నా వేళ్ళ దాకా కాలింది. వెళ్ళి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "ఏమే, దీపాలు పెట్టే వేళ నోట్లోంచి రావాల్సిన మాటేనా అది?" అన్నాను. "పుస్తకంలో ఉంది నాయనమ్మా!" అంది వేళ్ళ సందులోంచి. "పుస్తకంలో ఉంటే పుస్తకంలోనే ఉండనీ. ఈ ఇంట్లో మాత్రం నిండాయువు అను." పిల్ల పకపకా నవ్వింది. దానికి నవ్వు తొందర, మా అత్త పోలిక. నా మొహం చూసి మాత్రం నవ్వు ఆపేసింది, ఏం కనిపించిందో ఏమో. "సరే, నిండాయువు. దాని గుర్తు T, కింద చిన్నగా అర. చాలా?" అంది. చాలు అన్నాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో రేడియమూ యురేనియమూ అన్నీ నిండాయువుతోనే బతుకుతున్నాయి.

నీడ పంక్చర్ల కొట్టు వైపు జరుగుతోంది. కొట్టు ముందు పాత టైరు ఒకటి సగం దాకా మట్టిలో పాతి ఉంది, నీడ దాన్ని తాకేసరికి గంట కొడతారని నా లెక్క. అరగంట కిందట గేటు దగ్గరికి వెళ్ళాను, అది కూడా చెప్పాలి. అక్కడ కాపలా ఉన్న హోంగార్డు పేరు నూర్ మొహమ్మద్, చొక్కా మీద రాసి ఉందని అబిదా చదివి చెప్పింది. అబిదా ఎవరంటే, ఇందాకటి నుంచి నా పక్కన పల్లీల పట్టీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, ఆమె కూతురు కూడా లోపలే ఉంది. నేను వెళ్ళేసరికి ఆ నూర్ మొహమ్మద్ టోపీతో విసురుకుంటున్నాడు.

"ఏంది పెద్దమ్మా, మళ్ళీ లేచొచ్చావు?"

"నాయనా, మా పిల్లకి ఒక్క మాట చెప్పి వస్తా. ఒక్కటే."

"పరీక్ష జరుగుతుంటే మాటలేంది పెద్దమ్మా? పొయ్యి కూర్చో."

"పోనీ నువ్వే చెప్పు. నిండాయువు కాదు, అర్ధాయువు అని చెప్పు. అంతే, దానికి తెలుస్తది."

ఆయన విసురుకోవడం ఆపాడు. "ఎవరికి అర్ధాయువు?"

"మా మనవరాలికి."

"తప్పు పెద్దమ్మా! పరీక్ష రాసే పిల్లని అట్టా శపిస్తారా ఎవరన్నా?"

"శాపం కాదు నాయనా, సమాధానం."

"సమాధానమా! అది ఇంకా తప్పు. కాపీ కేసు రాస్తారు, నీ మీద ఒకటి, నా మీద ఒకటి. నాకు రిటైర్మెంటు ఇంక రెండేళ్ళే ఉంది, నన్ను బతకనీ తల్లీ."

రెండేళ్ళు అనగానే నాకు మళ్ళీ ఆ రెండు మార్కులు గుర్తొచ్చాయి. తిరిగొచ్చి కూర్చుంటే అబిదా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "మామ్మా, చీటీలు విసిరేవాళ్ళని చూశాగానీ, శాపం పెట్టి పాస్ చేయించేదాన్ని నిన్నే చూస్తన్నా" అంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతుంటే పన్ను కదిలింది. నవ్వు అయిపోయాక మళ్ళీ రాయి గుండెల్లోనే ఉంది.

ఎందుకంటే ఆ పిల్ల ఈ పరీక్ష గట్టెక్కితేనే ఎక్స్‌రే తీసే చదువులో చేరుతుంది. రెండేళ్ళ కిందట కల్లంలో జారి నా మణికట్టు విరిగింది. నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకెళితే చీకటి గదిలో ఒక బల్ల మీద చెయ్యి పెట్టమన్నారు, గాజులు తియ్యమంటే నేను తియ్యనన్నాను, ఎక్స్‌రేలో ఎముకలు గాజులతోనే పడ్డాయి. అపర్ణ ఆ నల్ల కాగితాన్ని కిటికీకి అడ్డం పెట్టి చూసింది, చూసింది, ఎంతకీ దించదు. బయట జనం, ఆటోలు, అరటిపళ్ళ బండి, వాటన్నిటి మీద నా చెయ్యి పరుచుకుని ఉంది. "నాయనమ్మా, నీ చేతిలో ఎముకలు ఇరవై ఏడు, లెక్కపెట్టా" అంది. ఇన్నేళ్ళు ఈ చేతితో పాలు పిండాను, కాయలు కోశాను, పిల్లలకి నీళ్ళు పోసి తుడిచాను, ఎవరూ దాన్ని అలా చూడలేదు. ఆ మిషను దగ్గర ఉన్నాయన్ని అది ప్రశ్నలతో చంపింది, కనపడని వెలుతురేంది, ఒంట్లోంచి ఎట్టా పోద్ది, అందరికీ తీస్తా ఉంటే మీకేం కాదా. ఆయన విసుక్కోకుండా చెప్పాడు, చల్లగా ఉండాలి. అప్పటినుంచి దాని ధ్యాస అదే. దాని నాన్న, మా పెద్దోడు కోటేశ్వరరావు, మంచివాడే, ఆలస్యం ఓర్చుకోలేడు అంతే. "ఈసారి కూడా పోతే పిడుగురాళ్ళలో బట్టల షాపులో చేర్పిస్తా, చీరెలు మడతపెట్టడానికి ఫిజిక్సు అక్కర్లా" అని నిన్న అన్నం దగ్గర అనేశాడు. పిల్ల ముద్ద మింగలేదు. చీరలు మడతపెట్టే పని తక్కువని కాదు. ఎముకలు లెక్కపెట్టే కళ్ళు మడతలు లెక్కపెడుతూ ఉండిపోతాయేమోనని నాకు బాధ.

ఆ ఫిజిక్సంతా అది నాకు చెప్పే నేర్చుకుంది, తెలుసా. రెంటచింతల నుంచి వచ్చే దయామణి టీచరు చెప్పిందట, ఏమీ తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు వచ్చినట్టే అని. మా ఇంట్లో ఏమీ తెలియని మనిషిని నేనే. మిరపకాయలకి తొడిమలు తీస్తూ నేను, ఎదురుగా పుస్తకంతో అది. మొదటి రోజే గొడవ పడ్డాం. లోహం మీద వెలుతురు పడితే అందులోంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయంది, దూకనీ అన్నాను. ఎర్ర వెలుతురు ఎంత పోసినా, బస్తాలకి బస్తాలు పోసినా, ఒక్కటి కూడా దూకదంది. వంకాయ రంగు వెలుతురు చిటికెడు పడినా టక్కున దూకుతుందంది. నాకు కోపం వచ్చింది. మా పల్నాడులో కూర్చుని ఎరుపుకి బలం లేదంటే ఎలా? "ఆ పుస్తకం రాసినాయన్ని మన కల్లానికి వచ్చి ఒక్క కాయ కొరికి చూడమను, దూకుతాడో లేదో తెలుస్తది" అన్నాను. పిల్ల నవ్వీ నవ్వీ పుస్తకం కింద పడేసుకుంది. "బలం రాశిలో లేదు నాయనమ్మా, రంగులో ఉంది" అంది. నాకు ఎక్కలేదు. తొడిమలు తీస్తూనే ఉన్నాను, ఒకటి, ఇంకొకటి, గోళ్ళు మండుతున్నాయి, ఉన్నట్టుండి మా ఆయన మంచం గుర్తొచ్చింది.

ఆయన పేరు నేను చెప్పను, అలవాటు లేదు, మా అత్త పిలుపులో మీకే తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి వేపచెట్టు కింద మంచమెక్కాడంటే ఆయన్ని లేపడం ఎవరి తరం కాదు. కాలువకి నీళ్ళొచ్చాయని పాలేరు అరిచేవాడు, గేదె తాడు తెంపుకుందని నేను అరిచేదాన్ని, పిల్లలు ముగ్గురూ మంచం చుట్టూ చేరి డబ్బాలు వాయించేవాళ్ళు. రెప్ప కదిలేది కాదు. ఎంతమంది అరిస్తే అంత హాయిగా గుర్రు పెట్టేవాడు. అప్పుడు మా అత్త మహాలక్ష్మమ్మ వంటింట్లోంచి గొంతు పెంచకుండా, చేట చెరుగుతూనే, "ఒరేయ్ గోపాలం" అనేది. ఒక్కసారి. అంతే, మంచం మీద మనిషి లేడు, చెప్పులు కూడా మంచం కిందే, పైపంచ వేపకొమ్మకి. ఆలస్యమే లేదు, పిలుపు పడటమూ దూకడమూ ఒకటే. అత్త మామూలుగా పిలిస్తే వాకిటి దాకా వెళ్ళి ఆగేవాడు, కోపంగా పిలిస్తే ఒక్క పరుగున పొలం గట్టు మీద తేలేవాడు. ఇదంతా చెబితే అపర్ణ లేచి నిలబడింది. "నాయనమ్మా! అరుపులు ఎర్ర వెలుతురు, జేజమ్మ పిలుపు వంకాయ రంగు, తాతయ్య ఎలక్ట్రాన్! మంచం దిగడానికి కావాల్సిన కనీస శక్తిని పని ప్రమేయం అంటారు." పని ప్రమేయం! ఆ మాట ఎవరు పెట్టారోగాని మా ఆయన్ని ఎరిగే పెట్టారు, పనికీ ఆయనకీ మధ్య ఉన్న సంగతి అంతా అందులో ఉంది. మిగిలిన శక్తి వేగంలోకి పోతుందట, అదే పొలం గట్టు దాకా పరుగు. ఏ పిలుపు నుంచి దూకడం మొదలవుతుందో దానికి ఇంకో పేరుంది, ఆరంభ పావనపుణ్యమో ఏదో. అలా కాదు నాయనమ్మా, పౌనఃపున్యం అని అది దిద్దేది, నా నోట మళ్ళీ పావనపుణ్యమే వచ్చేది, చివరికి అదీ పావనపుణ్యమనే అనడం మొదలెట్టింది. అయ్యో. అది కూడా రాసిందేమో లోపల. రెండు మాటలు చెడగొట్టాను! లోపలున్నది చదువుకున్న పిల్ల, ముసలిదాని మాటలన్నీ కాగితం మీదకి దించుతుందా. దించదు. దించితే? చేతికి వచ్చింది రాసుకుంటూ పోతారు పిల్లలు, నాకు తెలుసు, నేను తాలు కాయలు ఏరేటప్పుడు చూస్తానా ఏమన్నా, వేళ్ళు వాటంతటవే ఏరతాయి.

మార్చిలో పోయిన ఆ రెండు మార్కులు కూడా దీనివల్లే పోయాయేమో. ఈ ఆలోచన ఇప్పుడే వచ్చింది, ఇంతకుముందు రాలేదు. ఒక్క వాక్యంలో నిర్వచనం రాస్తే రెండు మార్కులని అదే చెప్పింది ఒకసారి. రెండు మార్కులు, ఒక మాట. నాలుక పన్నుని గట్టిగా తోసింది, ఊడలేదు. అబిదా పొట్లం విప్పి, "తిను మామ్మా, మొహం వాడిపోయింది" అంటూ పల్లీల పట్టీ చేతిలో పెట్టింది. ఇది నాలుగు పళ్ళతో తినేది కాదని చెబితే చప్పరించమంది. దవడన పెట్టుకున్నాను. బెల్లం కరుగుతోంది.

ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను, ఊఁ కొట్టండి చాలు. సాగర్ డ్యాముకి పునాదిరాయి వేసిన రోజే నేను పుట్టాను, అందుకని నా వయసు ఎవరూ మర్చిపోరు, డ్యాము వయసే నా వయసు. తొమ్మిదేళ్ళప్పుడు తలుపు చాటు నుంచి విన్నాను, మా అమ్మ పక్కింటామెతో చెబుతోంది, నేను పుట్టినప్పుడు పంచాంగం చూసిన పెద్దాయన వేళ్ళు లెక్కపెట్టుకుని "అర్ధాయుష్షు జాతకం" అన్నాడని. అర్థం కాక మా తాతని అడిగాను, అలాగంటే ఏందని. "నిండు ఆయుష్షు నూరేళ్ళు, అందులో సగం" అన్నాడు, ఎవరి గురించో అనుకుని. నూరులో సగం యాభై. రెండో తరగతి చదువుకి ఆ లెక్క వచ్చు. ఆ రోజు నుంచి యాభై అనే అంకె నా వెంట నడిచింది, పెళ్ళిలో నడిచింది, కాన్పుల్లో నడిచింది. పిల్లలు ముగ్గురు, వీళ్ళకి యాభై లోపు అన్నీ అయిపోవాలి అని తొందర. నన్ను అందరూ పనిమంతురాలు అనేవాళ్ళు, నాది పనితనం కాదు, గడువు.

యాభై వచ్చింది. పునాదిరాయి రోజు పొద్దున్నే తలంటుకున్నాను. ఇల్లు అలికాను, జాడీల్లో పచ్చళ్ళు సర్దాను, ఉప్పెక్కడో పప్పెక్కడో చిన్న కోడలికి రెండుసార్లు చెప్పాను, కొత్త చీర కట్టుకుని మిట్టమధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకున్నాను. మా ఆయన వచ్చి చూసి, "ఏందే, పట్టపగలు పెళ్ళికూతురు మాదిరి పడుకున్నావు?" అన్నాడు. నడుం నొప్పి అన్నాను. ఆయనకి ఇంకేం కావాలి, పక్కనే ఇంకో చాప వేసుకున్నాడు. ఎదురుచూశాను, చూశాను, నిద్ర పట్టింది. గేదె అరుపుకి మెలకువ వచ్చింది, పాలు పిండే వేళ దాటిపోయింది. కొత్త చీర పైకి దోపుకుని వెళ్ళి పిండాను. అంతే, ఇంకేమీ జరగలేదు. ఆ మర్నాడు జరగలేదు, ఆ మరుసటి ఏడూ జరగలేదు. ఇరవై ఏళ్ళయింది. నాకెప్పుడూ సంతోషం కంటే బెదురే ఎక్కువ, ఎవరో మర్చిపోయారు, ఆ మాట మళ్ళీ ఎవరైనా గట్టిగా అంటే గుర్తొచ్చి వచ్చేస్తారు అన్నట్టు. అలాంటి మాటని నా మనవరాలు దీపం ముందు మూడుసార్లు అంది.

మొన్న, మార్చి మార్కులు వచ్చాక, పిల్ల దిగులుగా నా పక్కన పడుకుని నా నోట్లోకి చూస్తూ, "నాయనమ్మా, నీకు నలభై ఏళ్ళప్పుడు పళ్ళెన్ని?" అంది. అన్నీ ఉండేవి, ముప్పై రెండు. "యాభైకి?" వక్క నమిలే అలవాటు, ఒక్కటొక్కటే పోయాయి, పదహారో ఏమో. "అరవైకి?" ఎనిమిది. "ఇప్పుడు?" నోరు తెరిచి చూపించాను. నాలుగు. అది దిగ్గున లేచి కూర్చుంది. "ముప్పై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు! పదేళ్ళకోసారి సగం! నీ పళ్ళ నిండాయువు పదేళ్ళు నాయనమ్మా! పరమాణువులు కూడా ఇంతే. ఎన్నో వంతు పోతుందో చెప్పొచ్చుగాని, ఏది ఎప్పుడు పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు." ఎనభైకి రెండు, తొంభైకి ఒకటి, నూరేళ్ళకి అర పన్ను, ఆ అర పన్నుతో ఏం తింటావు అని అడిగి ఒకటే నవ్వు. నేను నవ్వలేదు, ఏది ఎప్పుడో చెప్పలేరు అన్న మాట దగ్గర ఉండిపోయాను. మా ఆయన పోయి ఆరేళ్ళయింది, ముప్పై రెండు పళ్ళతో పోయాడు, చెరుకు గడ నోటితో చీల్చేవాడు. సగం ఆయుష్షే రాసిపెట్టి ఉన్నదాన్ని నేను, ఇక్కడ గోడ నీడలో కూర్చుని బెల్లం చప్పరిస్తున్నాను.

నీడ టైరుకి బెత్తెడు దూరంలో ఉంది. ఆగండి, ఇంకోసారి లెక్క వేస్తాను. పదేళ్ళకి సగం పోయింది, నోరు ఖాళీ అయిందా? కాలేదు, సగం మిగిలింది. ఇంకో పదేళ్ళు, అందులో సగమే పోయింది, సగం మిగిలింది. మళ్ళీ మళ్ళీ. ప్రతిసారీ ఏదో కొంత మిగులుతూనే ఉంది. అయితే అర్ధాయువు అంటే అయిపోయే రోజు కాదు! సగం మిగిలే రోజు! ఆ పెద్దాయన నా జాతకంలో ఏం చూశాడోగాని, యాభైకి సగం వాడాను, అంతే కదా, మిగతా సగంలో సగం ఇంకా వాడుతున్నాను, దానికి ఇంకో యాభై ఉంది, ఆ తర్వాత ఇంకా ఉంది! అయ్యో ధనమ్మా, ఇంత వయసొచ్చి, కొత్త చీర కట్టుకుని చాప మీద పడుకున్నదానివి, ఈ పాఠం అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం శుభ్రంగా పచ్చడన్నం తినేదానివి కదా. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. అబిదా నా వైపు వింతగా చూస్తోంది. ఆ మాట ఇప్పుడు నాకు చేదుగా లేదు, బెల్లంతో కలిసి దవడనే ఉంది. కానీ పిల్ల లోపల ఉంది, నాకు భయం పోయిన మాటని పాపం అది నా భయంతోనే రాసుకుంటోందేమో.

గంట. గేటు తీశారు. జడలు, జడలు, మొహాలు, అబిదా కూతురు వచ్చి తల్లి మెడకి చుట్టుకుంది, అపర్ణ ఏది, అందరూ వచ్చేశారు, అదుగో, చివరగా, నీళ్ళ సీసా తల మీద పెట్టుకుని పడిపోకుండా నడుస్తూ వస్తోంది. అలా నడిచే పిల్ల పరీక్ష తప్పే పిల్లలా లేదు. అయినా ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను.

"నిండాయువు అని రాశావా?"

"రాశా."

దాని చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"రాశా నాయనమ్మా, మొదటి మాటే అది రాశా! చూసుకుంటే నిండాయువు అని ఉంది. నువ్వు తిడతావేమోనని పక్కకి చూసి, ఒక్క గీత కొట్టేసి, పైన అర్ధాయువు అని రాశా. ఇంటికెళ్ళి ఎన్నిసార్లన్నా చెంపలేసుకుంటా, కోప్పడబాకే."

"మార్చిలో? మార్చిలో కూడా అట్టానే..."

"మార్చిలో అది అడగనే లా. అప్పుడు పోయింది అద్దాల లెక్కలో. ఇది విను ముందు! ఒక పదార్థం ముప్పై రోజుల్లో ఎనిమిదో వంతే మిగిలితే అర్ధాయువు ఎంత అని లెక్కిచ్చారు. నాకు సూత్రం గుర్తు రాలా, చెమటలు పట్టినయి. కళ్ళు మూసుకుంటే నీ నోరు కనపడింది. ముప్పై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు. ముప్పై రెండులో ఎనిమిదో వంతు నాలుగు! మూడుసార్లు సగం, ముప్పైని మూడు పెట్టి భాగిస్తే పది! నీ పళ్ళకి ఏళ్ళు, వాళ్ళకి రోజులు, అంతే. తాతయ్య కూడా వచ్చాడు, నాలుగు మార్కులకి. పౌనఃపున్యం సరిగ్గానే రాశాలే, చూడబాక అట్టా."

అప్పుడు నేను ఏం చేశానో తెలుసా. వీధిలో, ఆ జనం మధ్య, గట్టిగా, "అర్ధాయువు" అన్నాను. ఇంకోసారి అన్నాను. మూడోసారి అనేసరికి నూర్ మొహమ్మద్ గేటు తాళం వేస్తూ, "ఇప్పుడనుకో పెద్దమ్మా, ఎన్నిసార్లన్నా అనుకో, పేపర్లు కట్టేశారు" అన్నాడు. అబిదా నవ్వింది, పిల్ల నవ్వింది, నేను ఆ ఊపులో దవడనున్న పట్టీ తీసి ఒక్క కొరుకు కొరికాను. టక్కుమంది. కదిలే పన్ను కాదు. దాని జోలికే పోలేదు నేను. పైన కుడివైపు, మేకు దిగ్గొట్టినట్టు ఉండేది, ఇంకో ఇరవై ఏళ్ళు దానికి తిరుగులేదనుకున్నాను, అది వచ్చి బెల్లంలో కూర్చుంది. ఊగేది ఊగుతూనే ఉంది, చక్కగా. అపర్ణ నా అరచేతిలోకి చూసింది, నేను దాని మొహంలోకి చూశాను. "ఏది ఎప్పుడో చెప్పలేం" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.

బస్సొస్తోంది, నేను లేస్తాను. మార్కులు వచ్చేదాకా ఎవరూ ఏమీ అనకూడదు, నేనూ అనను. కానీ మీరు ఇంతసేపు కూర్చున్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఇది మర్చిపోకండి, మీ ఇళ్ళలో చదువుకునే పిల్లలు ఉంటే వాళ్ళకి చెప్పండి, వాళ్ళు ఏ మాట కంఠతా పడుతున్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టకండి, అర్థం ఏమిటో అడగండి. ఇంకొకరికి చెప్పేటప్పుడు మా ఆయన మంచం చెప్పండి, హోంగార్డు మాట చెప్పండి. నా నోట్లో ఇప్పుడు మూడే ఉన్నాయని కూడా కావాలంటే చెప్పండి. లెక్కలో మాత్రం నాలుగే ఉంచండి, పిల్ల మార్కులు పోతాయి.